ముక్కు ఎత్తితే చాలదు

ప్రశ్న: నిజాం కాలం నాటి మామునూరు ఎయిర్‌పోర్టు మళ్లీ తెరుస్తారన్న వార్తలు మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో అన్నీ విమానాల ముచ్చట్లే. ముక్కు ఎంత పైకెత్తితే అంత లిఫ్ట్ వస్తుందని ఇంటర్ చదివే మా బాబు అంటాడు. స్పీడ్ తగ్గితేనే విమానం పడుతుంది, ముక్కుతో పనేముంది అని మావారు. ఎవరిది రైట్? పరీక్షలో లిఫ్ట్ గురించి అడిగితే వాడు ఏం రాయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు మీ బాబు సంగతి చూద్దాం. వాడు చెప్పింది ఒక హద్దు వరకు నిజమే. ఎదురుగా వచ్చే గాలికి రెక్క ఎంత వంపులో ఉందో దాన్ని యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు. ఈ కోణం పెరిగేకొద్దీ రెక్క గాలిని ఇంకా గట్టిగా కిందికి మళ్లిస్తుంది, గాలి రెక్కను అంతే గట్టిగా పైకి తోస్తుంది, అలా లిఫ్ట్ ఇంచుమించు అదే లెక్కన పెరుగుతూ పోతుంది. సుమారు 15 డిగ్రీల దగ్గర, రెక్క ఆకారాన్ని బట్టి కాస్త అటూ ఇటూగా, కథ అడ్డం తిరుగుతుంది. అప్పటిదాకా రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పోయిన గాలి ఇక ఆ వంపు వెంట తిరగలేక విడిపోయి సుడులు పడుతుంది. లిఫ్ట్ పడిపోతుంది, వెనక్కి లాగే డ్రాగ్ అమాంతం పెరుగుతుంది. దీనికే స్టాల్ అని పేరు. ఇంజిన్ ఆగిపోవడం అనుకునేరు, ఇంజిన్ ఫుల్లుగా తిరుగుతున్నా రెక్క స్టాల్ కావచ్చు.

సంక్రాంతికి పతంగులు ఎగరేసేవాళ్లకు ఇది చేతికి తెలుసు. గాలి జోరుగా ఉన్న రోజు సూత్రంలో (పతంగికి కట్టే రెండు దారాల జోడులో) పై దారం కాస్త పొట్టిగా కడతారు, పతంగి తల ముందుకు వాలి వంపు తగ్గుతుంది. అలా కట్టకపోతే అది పైకి పోవడం మానేసి దారాన్ని వెనక్కి గుంజుతూ కూర్చుంటుంది.

ఇక చాలామంది తికమకపడేది ఇక్కడే: ముక్కు నేలకు ఎంత ఎత్తుగా ఉందో అదే ఈ కోణం కాదు. ల్యాండింగ్‌కు వస్తున్న విమానం ముక్కు 3 డిగ్రీలు పైకి ఉండి, విమానం మాత్రం 3 డిగ్రీల వాలులో కిందికి దిగుతుందనుకోండి, గాలి దానికి కింద నుంచి 6 డిగ్రీల కోణంలో తగులుతుంది. బయట నిలబడి చూసేవాళ్లకు ఆ 6 ఎక్కడా కనిపించదు.

2009 జూన్ 1న అట్లాంటిక్‌లో పడిపోయిన ఎయిర్ ఫ్రాన్స్ 447 ప్రమాదం నిండా ఇదే. స్పీడ్ కొలిచే గొట్టాల్లో మంచు అడ్డుపడి రీడింగులు తప్పాయి, ఆ టెన్షన్‌లో పైలట్ ముక్కు పైకి లేచేలా స్టిక్ (విమానాన్ని నడిపే పిడి) వెనక్కి లాగి పట్టుకున్నారు. దాదాపు 38,000 అడుగులకు ఎక్కి స్టాల్ అయిన విమానం ముక్కు ఎక్కువసేపు పైకే ఉంది, అయినా రాయిలా కిందికి పడుతూనే ఉంది, కోణం 35 డిగ్రీలు దాటిపోయింది. 228 మంది పోయారు. స్టాల్ నుంచి బయటపడాలంటే ముక్కు కిందికి దించాలి. పడిపోతున్నప్పుడు ఇంకా కిందికి దించమంటే మనసు ఒప్పుకోదు, అందుకే పైలట్లతో ట్రైనింగ్‌లో దీన్ని మళ్లీ మళ్లీ చేయిస్తారు.

మీవారి మాటలోనూ విషయం ఉంది, కానీ స్పీడ్ అసలు కారణం కాదు. లిఫ్ట్ స్పీడ్ వర్గాన్ని బట్టి ఉంటుంది, స్పీడ్ సగమైతే లిఫ్ట్ నాలుగో వంతుకు వస్తుంది, ఆ లోటు పూడ్చడానికి పైలట్ కోణం పెంచుతాడు, పెంచీ పెంచీ హద్దు దాటితే స్టాల్. ఎంత వేగంలో ఉన్నా సరే, స్టిక్‌ను ఒక్కసారిగా గట్టిగా లాగితే స్టాల్ చేయొచ్చు.

పరీక్ష సంగతంటారా, బెర్నౌలీ సూత్రం (గాలి వేగం పెరిగిన చోట దాని ఒత్తిడి తగ్గుతుందనేది) నిక్షేపంగా రాయమనండి. కాకపోతే "పైన పోయే గాలి ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి కింది గాలితో పాటే చివరికి చేరడానికి వేగంగా పోతుంది" అన్న వాక్యం మాత్రం వద్దు. గాలికి అలాంటి ఒప్పందమేమీ లేదు, నిజానికి పై గాలి ముందే చేరిపోతుంది. పైగా రెండువైపులా ఒకే ఆకారం ఉన్న రెక్క కూడా కాస్త వంపు ఇస్తే లిఫ్ట్ ఇస్తుంది, అందుకే విన్యాసాల విమానాలు తలకిందులుగా కూడా ఎగరగలుగుతున్నాయి.