సంక్రాంతికా, దసరాకా? సెరెంగెటి వెళ్లేదెప్పుడు

ప్రశ్న: మాది విజయనగరం. నేను, మావారు, ఇద్దరు బడికెళ్లే పిల్లలు, 68 ఏళ్ల మా అత్తగారు. టాంజానియాలోని సెరెంగెటి చూడాలని మూడేళ్లుగా డబ్బు దాస్తున్నాం. లక్షల జంతువులు నదిలోకి దూకే వీడియోలు చూసి చూసి పిల్లలకి అదే పిచ్చి. వచ్చే మే సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాం. ఒక ఏజెంటు సెరెంగెటి, గోరోంగోరో అగ్నిపర్వత బిలం, కెన్యాలో మసాయి మారా మూడూ అయిదు రోజుల్లో చూపిస్తానంటున్నాడు. అత్తగారేమో "అంత డబ్బెట్టి అంత దూరం దేనికే, కొమరాడ ఎల్తే ఏనుగులు ఊరికినే కనిపిస్తాయి కదా" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అత్తగారి మాటలో వెటకారం ఉంది గానీ అబద్ధం లేదు. కొమరాడ, కురుపాం వైపు ఏనుగులు నిజంగానే తిరుగుతాయి, కాకపోతే పంట పోగొట్టుకుని రాత్రంతా కాపలా కాసిన రైతు ముందు ఆ ముక్క అనకండి.

ముందు మే నెల సంగతి తేల్చేద్దాం. మేలో మీ పిల్లలు అడిగే మారా నది సీను ఉండదు. ఆ జంతువు పేరు వైల్డ్‌బీస్ట్, చూడ్డానికి గడ్డం పెంచిన దున్నపిల్లలా ఉంటుంది గానీ మన కృష్ణజింకకి చుట్టం. పది లక్షలకి పైనే ఉంటాయి, వాటితోపాటు జీబ్రాలు, అన్నీ కలిసి వాననీ పచ్చిగడ్డినీ వెతుక్కుంటూ ఏడాది పొడవునా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా దక్షిణాన ఎన్‌డుటు మైదానాల్లో, మే, జూన్‌లలో పడమర గ్రుమెటి నది వైపు, జులై నుంచి అక్టోబరు దాకా ఉత్తరాన మారా నది దగ్గర, నవంబరు, డిసెంబరు చినుకులకి మళ్లీ దక్షిణానికి. వానలు ముందువెనకలైతే ఇదీ ముందువెనకలవుతుంది. పైగా మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్దవానలు. బసలు చవగ్గా దొరుకుతాయి, కానీ బురదలో బండి దిగబడితే తోయాల్సింది మీవారే.

ఇక పార్కు సైజు. 14,763 చదరపు కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడగొట్టకముందు ఉన్న పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపినా దానికంటే చిన్నవే! అందుకే "సెరెంగెటిలో బస" అని ఏజెంటు రాసిస్తే చాలదు, ఎక్కడ బస అని అడగాలి. మంద మారా నది దగ్గరుంటే మీకు దక్షిణాన గది ఇచ్చాడనుకోండి, ఇచ్ఛాపురంలో జాతర జరుగుతుంటే కొత్తవలసలో గది తీసుకున్నట్టే. నెల ఖాయం చేసుకోండి, ఆ నెలలో మంద ఎక్కడుంటుందో చూసుకుని అక్కడే కనీసం మూడు రాత్రులు ఉండండి. ఆ అయిదు రోజుల మూడు పార్కుల ప్లాన్ మాత్రం వద్దు. అరుషా అనే ఊరి నుంచి సెరెంగెటి నడిబొడ్డున ఉన్న సెరొనెరాకి రోడ్డు మీద వెళ్లడానికే ఏడెనిమిది గంటలు. మసాయి మారా మ్యాపులో పక్కనే కనిపిస్తుంది గానీ టూరిస్టులని పార్కులోంచి నేరుగా సరిహద్దు దాటనివ్వరు, చుట్టూ తిరిగి రావాలి. మీ రోజులన్నీ బండిలోనే అయిపోతాయి.

నది దాటడమే చూడాలంటే దసరా సెలవులు సరిపోతాయి. కానీ విజయనగరం వాళ్లని పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం వదిలి రమ్మని నేనెలా చెప్పను? నిజానికి ఆ నది ఒడ్డున కూర్చోవడం సిరిమాను కోసం మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడడం లాంటిదే. ఇదిగో వస్తోంది అంటారు, రాదు. వేల జంతువులు నీటి అంచుదాకా వస్తాయి, ముందున్నది ఒకటి బెదిరి వెనక్కి తిరుగుతుంది, అంతే, మందంతా వెనక్కే. మూడు గంటలు కాచి ఏమీ చూడకుండా తిరిగొచ్చేవాళ్లు బోలెడుమంది. సిరిమాను అయినా సాయంత్రానికి వచ్చి తీరుతుంది, వీటికి ఆ పూచీ లేదు.

నన్నడిగితే సంక్రాంతి సెలవులకి వెళ్లండి, వీలైతే ఫిబ్రవరి మొదట్లో పిల్లలతో ఒక వారం బడి ఎగ్గొట్టించండి (నేను చెప్పానని మాస్టారితో అనకండి). అప్పుడు మంద దక్షిణాన ఉంటుంది. పాత అగ్నిపర్వతాల బూడిద పడిన నేల కాబట్టి అక్కడి గడ్డిలో పాలిచ్చే తల్లులకి కావాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ. ఫిబ్రవరిలో రెండు మూడు వారాల్లోనే చాలామట్టుకు ఈనేస్తాయి. అన్నీ ఒక్కసారే ఈనితే సింహాలు, హైనాలు ఎన్నని తింటాయి, మిగతావి బతికిపోతాయి. దూడ పుట్టిన కాసేపటికే లేచి తల్లి వెంట పరుగెత్తడం చూస్తే మీ పిల్లలు నదినీ అందులోని మొసళ్లనీ మరిచిపోతారు. దక్షిణాన ఉంటే గోరోంగోరో కూడా దారిలోనే, కాబట్టి ఆ ఒక్కటీ కలుపుకోండి. సంక్రాంతికైతే దూడలు పెద్దగా ఉండవు, మంద మాత్రం సాధారణంగా అక్కడే ఉంటుంది.

అత్తగారి గురించి. రోడ్లు గతుకులు, డ్రైవర్లు దాన్ని ఆఫ్రికన్ మసాజ్ అని జోక్ చేస్తారు. నడుంనొప్పి ఉంటే అరుషా నుంచి చిన్న విమానంలో సెరొనెరాకో, ఎన్‌డుటుకో వెళ్లొచ్చు, కానీ సామాను మనిషికి 15 కిలోలు, అదీ మెత్తటి సంచిలోనే. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు. చక్రాల గట్టి సూట్‌కేసుతో వెళ్లి, దాన్ని అరుషాలోనే వదిలేసి, నాలుగు రోజులు రెండు చొక్కాలతో గడిపాను. ఎల్లో ఫీవర్ టీకా సంగతి టికెట్టు కొనకముందే విశాఖ పోర్టు హెల్త్ ఆఫీసులో కనుక్కోండి. నైరోబీ, ఆడిస్ అబాబా లాంటి చోట్ల 12 గంటలు దాటి ఆగితే టాంజానియాలో ఆ సర్టిఫికెట్ అడుగుతారు, టీకా వేయించుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది. 60 దాటినవాళ్లకి ఈ టీకా వేయొచ్చో లేదో డాక్టరే చెప్పాలి. మలేరియా మాత్రలు కూడా ఆయన్నే అడగండి.

నీలం, నలుపు బట్టలు సర్దకండి, సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, మన జోరీగలాగే కుడతాయి. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు టాంజానియాలో 2019 నుంచి నిషేధం, ఊరగాయలు, కందిపొడి డబ్బాల్లో పెట్టుకోండి. స్వెట్టర్లు మరిచిపోవద్దు, గోరోంగోరో అంచు సుమారు 2,300 మీటర్ల ఎత్తు, రాత్రి అరకు చలికాలంలా ఉంటుంది.

ప్రశ్న: మాది టెక్కలి. మేం నలుగురు స్నేహితులం, డ్రైవింగ్ అందరికీ వచ్చు. గైడు, ఏజెంటు లేకుండా మేమే కారు నడుపుకుంటూ ఆఫ్రికాలో సఫారీ చేయడం కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది, దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కుకి వెళ్లండి. సెరెంగెటి కంటే పెద్దది, మామూలు కారు చాలు, అక్కడా మనలాగే ఎడమవైపు నడపడమే. తారురోడ్డు మీద గంటకి 50 కిలోమీటర్లు దాటకూడదు, బస చేసే క్యాంపుల్లో, దిగొచ్చని చెప్పిన చోట్ల తప్ప దారిలో ఎక్కడా దిగకూడదు, సాయంత్రం గేటు మూసేలోపు క్యాంపు చేరకపోతే జరిమానా. స్కుకుజా, సతారా క్యాంపుల్లో గదులు నెలల ముందే అయిపోతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గడ్డి ఎండిపోయి, జంతువులు నీటిగుంటల దగ్గరికి వస్తాయి కాబట్టి బాగా కనిపిస్తాయి. తేలినీలాపురంలో చెట్టు మీది కొంగలని గంటలకొద్దీ చూసే ఓపిక మీకుంటే, ఒక నీటిగుంట దగ్గర ఇంజను ఆపేసి కూర్చోండి, రోజంతా తిరిగే కార్లవాళ్లకంటే మీకే ఎక్కువ కనిపిస్తాయి.