"రెండ్రోజుల్లో వస్తాడు" అన్న మాట మీద నా కోపం

ప్రశ్న: బేస్‌బాల్‌లో ఒకరినొకరు గుద్దుకోవడం తక్కువ, పరుగు కూడా తక్కువే. మరి న్యూయార్క్ మెట్స్ అభిమానులు ఎప్పుడు చూసినా గాయాల గురించే ఎందుకు మండిపడతారు? గాయాలు ఏ జట్టుకైనా దురదృష్టమే కదా?

నేను 2007 నుంచి న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర ఉంటున్నాను. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళలో బేస్‌బాల్ చూసేవాళ్ళే తక్కువ. చూసేవాళ్ళలో ఎక్కువమంది న్యూయార్క్‌లోని ఇంకో జట్టు యాంకీస్ పక్షం. నేను మెట్స్ వైపు వెళ్ళడానికి కారణం ఫ్లషింగ్‌లోని గణేశుడి గుడి. ఆదివారం పొద్దున బౌన్ స్ట్రీట్‌లో దర్శనం, గుడి కింద క్యాంటీన్‌లో దోసె, మధ్యాహ్నం మ్యాచ్. గుడి నుంచి స్టేడియం దగ్గరే. అలా మొదలైంది, ఇప్పటికీ వదల్లేదు.

ముందు మీరడిగిన "అంత గాయాలు ఎందుకు" అన్నదానికి చెప్తాను. ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు. పిచ్చర్ (బంతి విసిరేవాడు) గంటకు 150 కిలోమీటర్ల వేగంతో ఒక్క మ్యాచ్‌లోనే తొంభై, వంద బంతులు విసురుతాడు. మోచేతి లోపలివైపు ఉండే లిగమెంట్ ఆ బరువు ఎన్నాళ్ళని మోస్తుంది? 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టర్ టామీ జాన్ అనే పిచ్చర్‌కు ఆ లిగమెంట్ స్థానంలో వేరే చోటి నుంచి తీసిన స్నాయువు పెట్టి కుట్టాడు. ఇవాళ ఆ సర్జరీని ఆటగాడి పేరుతోనే పిలుస్తారు, చేయించుకున్న పిచ్చర్లు లేని జట్టు లేదు. బ్యాట్స్‌మన్ సంగతి వేరు. అరగంట నిలబడి ఉన్నవాడు ఒక్కసారిగా శక్తినంతా పెట్టి పరుగెత్తాలి, అక్కడ తొడ వెనక కండరం పట్టేస్తుంది. ఇదంతా దురదృష్టమే, ఒప్పుకుంటాను.

మా కోపం ఆ తర్వాత జరిగేదాని మీద.

2009 వేసవిలో మా నాన్న తెనాలి నుంచి ఆరు నెలలకు మా దగ్గరికి వచ్చారు. ఆయన రిటైరైన పీఈటీ సారు. కబడ్డీ, ఖోఖో అంటే ప్రాణం. హోసే రేయెస్ అనే మెట్స్ షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసేవాడు) గురించి నేను అప్పటికే ఫోన్లో చెప్పి చెప్పి ఉన్నాను. 2007లో 78 బేస్‌లు దొంగిలించినవాడు, అంటే పిచ్చర్ బంతి విసిరే సందులో ఒక బేస్ (పరుగు తీసేవాడు ఆగే చోటు) నుంచి తర్వాతి బేస్‌కు ఉరికినవాడు. నాన్నకు వీడియోలు చూపిస్తే "వీడు కూత పెట్టకుండా వెళ్ళే రైడర్‌రా" అన్నారు. బేస్ వదిలి నాలుగడుగులు ముందుకెళ్ళి, పిచ్చర్ కళ్ళలోకి చూస్తూ, ఎప్పుడు దూకాలో తూకం వేసుకునే ఆ నిలబడటం ఆయనకు అంత నచ్చింది. ఆ కుర్రాణ్ణి కళ్ళారా చూడాలన్నారు.

మెట్స్ స్టేడియం సిటీ ఫీల్డ్ కొత్తగా తెరిచిన ఏడాది అది. నేను టికెట్లు కొన్నాను. కానీ రేయెస్ మే 20 తర్వాత ఆడలేదు. మొదట పిక్క నొప్పి అన్నారు. రోజు రోజుకూ చూసి చెప్తాం అన్నారు. ఇక్కడ దాన్ని "డే టు డే" అంటారు. కొన్నాళ్ళకు తొడ వెనక స్నాయువు అన్నారు. నాన్న రోజూ పొద్దున కాఫీ తాగుతూ "ఇవాళైనా ఆడతాడా?" అని అడిగేవారు. నేను "వచ్చే వారమట నాన్నా" అనేవాణ్ణి. జూన్ పోయింది, జూలై పోయింది. రేయెస్ ఆ సీజన్‌లో ఆడింది మొత్తం 36 మ్యాచ్‌లే. అక్టోబర్‌లో సర్జరీ అయింది. నాన్న అతణ్ణి చూడకుండానే తిరిగి వెళ్ళిపోయారు.

అతనొక్కడే అయితే మర్చిపోయేవాళ్ళం. కార్లోస్ డెల్గాడోకు తుంటి సర్జరీ, 26 మ్యాచ్‌లతో సరి. కార్లోస్ బెల్ట్రాన్‌కు మోకాలి ఎముక దెబ్బ, 81 మ్యాచ్‌లు. యోహాన్ సాంటానాకు మోచేతి సర్జరీ. 70 గెలిచి 92 ఓడారు. పైగా తర్వాతి జనవరిలో బెల్ట్రాన్ మోకాలికి సర్జరీ చేయించుకుంటే, మా అనుమతి లేకుండా చేయించుకున్నాడని జట్టు బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. ఆటగాడికీ జట్టుకూ మధ్య వైద్యం విషయంలో నమ్మకం ఎంత చెడిపోయిందో ఆ ఒక్క వార్తతో నాకు అర్థమైంది.

ఇంతకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది అంతకు ముందు ఏడాది సంగతి. రయన్ చర్చ్ అనే ఆటగాడికి 2008 మార్చిలో తలకు దెబ్బ తగిలింది. మేలో అట్లాంటాలో బేస్‌లోకి జారుతుంటే ఎదుటివాడి మోకాలు తగిలి మళ్ళీ తలకే దెబ్బ. మూడు నెలలు తిరక్కుండా రెండోసారి. అయినా అతణ్ణి జట్టుతోపాటు విమానంలో డెన్వర్ తీసుకెళ్ళారు. సముద్ర మట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉండే ఊరు అది. అక్కడ బ్యాటింగ్‌కు కూడా దించారు. ఆ తర్వాత చాలా వారాలు అతను ఆటకు దూరమయ్యాడు. కండరం పట్టేస్తే మళ్ళీ అతుకుతుంది. తల అలాంటిది కాదు కదా.

న్యాయంగా ఒకటి చెప్పాలి. 2009 ఆగస్టులో డేవిడ్ రైట్ హెల్మెట్‌కు బంతి తగిలినప్పుడు మాత్రం వెంటనే గాయపడ్డవాళ్ళ 15 రోజుల జాబితాలో పెట్టి కూర్చోబెట్టారు. సెప్టెంబర్ దాకా ఆడనివ్వలేదు. మొత్తం లీగ్‌లో కూడా 2011 నుంచి తల దెబ్బలకు వేరుగా 7 రోజుల జాబితా వచ్చింది. అంటే చేయాలనుకుంటే చేయగలరు.

ఆ జాబితా సంగతి కాస్త వివరించాలి, ఎందుకంటే మా తిట్లలో సగం దాని గురించే. అప్పట్లో ఒక మ్యాచ్‌కు 25 మందినే అందుబాటులో ఉంచుకోవచ్చు. గాయపడినవాణ్ణి "డిజేబుల్డ్ లిస్ట్"లో పెడితే అతని బదులు ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు, కానీ అతను కనీసం 15 రోజులు ఆడకూడదు (2017లో దాన్ని 10 చేశారు, 2019లో పేరు "ఇంజ్యూర్డ్ లిస్ట్" అని మార్చారు). మెట్స్ ఏం చేసేవారంటే, రెండ్రోజుల్లో వస్తాడన్న ఆశతో ఆ జాబితాలో పెట్టేవారు కాదు. అతను ఆడడు, అతని బదులు ఎవరూ రారు. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి వెళ్ళినవాడు ఆ మ్యాచ్‌లో తిరిగి రాకూడదు కాబట్టి బెంచీ మీద ఒక్కరు తగ్గినా చివరి ఇన్నింగ్స్‌లలో (మ్యాచ్‌కు తొమ్మిది ఉంటాయి) చేతులు కట్టేసినట్టే ఉంటుంది. ఇలా వారం గడిపి, సగం మానిన కాలుతో అతణ్ణి దించి, మళ్ళీ దెబ్బ తగిలాక అప్పుడు జాబితాలో పెట్టేవారు. నేను ఇది ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

2017 ఏప్రిల్ 27 నాకు రోజుతో సహా గుర్తుంది. యోనిస్ సెస్పెడెస్‌కు తొడ కండరం అప్పటికే పట్టేసి ఉంది. జాబితాలో పెట్టలేదు, కొన్నాళ్ళు కూర్చోబెట్టి మళ్ళీ దించారు. ఆ రోజు సెకండ్ బేస్‌కు పరుగెత్తుతూ కుంటుతూ ఆగిపోయాడు. అదే రోజు పిచ్ చేయాల్సిన నోవా సిండర్‌గార్డ్ చేతి కండ నొప్పి అని తప్పుకున్నాడు. ఎంఆర్‌ఐ తీద్దామంటే అతను వద్దన్నాడు. జనరల్ మేనేజర్ శాండీ ఆల్డర్సన్ విలేకరులతో, అతణ్ణి కట్టేసి ఆ గొట్టంలోకి తోయలేం కదా అన్న అర్థంలో మాట్లాడారు.

మూడు రోజులకే, ఏప్రిల్ 30 ఆదివారం, వాషింగ్టన్‌లో అతణ్ణి దించారు. నేను ఇంట్లో టీవీ ముందున్నాను. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఐదు పరుగులు ఇచ్చాడు. రెండో ఇన్నింగ్స్‌లో ఒక బంతి వేసి చంక కింద చెయ్యి పెట్టుకున్నాడు. అంతే. చంక కింద నుంచి వీపులోకి వెళ్ళే పెద్ద కండరం చిరిగింది. మెట్స్ ఆ మ్యాచ్ 23-5తో ఓడిపోయారు. సిండర్‌గార్డ్ మళ్ళీ మైదానంలోకి వచ్చేసరికి సెప్టెంబర్ చివరి వారం. ఆ ఏడు కూడా 70 గెలుపులు, 92 ఓటములు. రెండేళ్ళ క్రితం వరల్డ్ సిరీస్‌లో (లీగ్ ఫైనల్లో) మ్యాచ్‌లు మొదలుపెట్టిన మెట్స్ పిచ్చర్లలో సీజన్ మొత్తం నిలబడింది జేకబ్ డిగ్రామ్ ఒక్కడే.

"అతనే వద్దన్నాడు కదా, జట్టు తప్పేముంది?" అని అప్పుడు చాలామంది వాదించారు. నాకు ఆ వాదన వినగానే మా నాన్న గుర్తొచ్చారు.

2009లో ఒక రాత్రి రేయెస్ గురించి మాట్లాడుకుంటుంటే ఆయన నాకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. 1980ల్లో జిల్లా పోటీల కబడ్డీ ఫైనల్. ఆయన జట్టులో మంచి రైడర్, పదో తరగతి కుర్రాడు, సెమీఫైనల్లో మోకాలు మెలిపడి వాచింది. "ఆడతావా?" అని అడిగితే "ఆడతా సార్" అన్నాడట. వేడినీళ్ళ కాపడం పెట్టి, గట్టిగా కట్టు కట్టి దించారు. కప్పు గెలిచారు. ఆ అబ్బాయి మళ్ళీ జీవితంలో సరిగ్గా గొంతుక్కూర్చోలేకపోయాడు. "వాణ్ణి అడగటమే నా తప్పురా. ఆడేవాడు ఆడతాననే అంటాడు. వద్దనడానికే కదా సారనేవాడు ఉండేది" అన్నారు. చెప్తుంటే ఆయన గొంతు మారిపోయింది. ఆ అబ్బాయి పేరు, ఇంటిపేరు, ఏ బజారులో ఉండేవాడో అన్నీ ఆయనకు గుర్తే.

సిండర్‌గార్డ్‌కు అప్పటికి 24 ఏళ్ళు. అంతకు ముందు చలికాలమంతా కండలు పెంచి వచ్చాడు, బంతిని ఇంకా వేగంగా వేయాలన్న కసి మీదున్నాడు. అలాంటివాడు నాకేం కాలేదనే అంటాడు. స్కాన్ వద్దనే హక్కు అతనికుంది. స్కాన్ లేకుండా దించకూడదని అనే హక్కు జట్టుకూ ఉంది. వాళ్ళు దాన్ని వాడలేదు.

ఆ సీజన్ అయ్యాక జట్టు హెడ్ ట్రైనర్‌ను మార్చారు. అభిమానులు ఏళ్ళ తరబడి ఆయన్నే పేరు పెట్టి తిట్టారు. నేను తిట్టలేదు. ట్రైనర్ నొప్పి ఎక్కడుందో చెప్తాడు, ఎవరు ఆడాలో పైవాళ్ళు నిర్ణయిస్తారు. నిర్ణయం తీసుకునేవాళ్ళకు రేపటి మ్యాచ్ గెలవాలన్న టెన్షన్ ఉంటుంది. ట్రైనర్ మారాక కూడా 2019లో జెడ్ లౌరీ అనే ఆటగాణ్ణి రెండేళ్ళకు 2 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకుంటే, అతను ఆ రెండేళ్ళలో ఆడింది 9 మ్యాచ్‌లు, ఒక్క హిట్టూ లేదు. మోకాలన్నారు, తర్వాత "ఎడమ పక్క" అన్నారు. ఎడమ పక్క ఏమిటో అర్థం కాక మేం తలలు పట్టుకున్నాం.

క్రికెట్ మాత్రమే చూసేవాళ్ళకు ఇది కొత్తగా అనిపించక్కర్లేదు. 2022 సెప్టెంబర్‌లో వెన్నునొప్పి నుంచి తిరిగొచ్చిన బుమ్రాను నాగ్‌పూర్‌లో, రెండు రోజులకే మన ఉప్పల్‌లో ఆస్ట్రేలియా మీద ఆడించారు. ఆ వెంటనే మళ్ళీ వెన్ను, టీ20 ప్రపంచ కప్ పోయింది. జనవరిలో శ్రీలంక సిరీస్‌కు జట్టులో పేరు వేసి మళ్ళీ తీసేశారు. మార్చిలో న్యూజిలాండ్‌లో సర్జరీ అయింది. అప్పుడు మీకు కలిగిన చిరాకే పదేళ్ళ పాటు, ఒకరి తర్వాత ఒకరి విషయంలో కలుగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డేవిడ్ రైట్ గురించి చెప్పి ఆపేస్తాను. మెట్స్ అభిమానులకు అతను ఇంటి పిల్లాడు. 2011లో నడుము ఎముకలో పగులుతోనే దాదాపు నెల రోజులు ఆడాడు. తర్వాత వెన్నుపూసలో నరాల దారి ఇరుకైపోయే జబ్బు బయటపడింది. మెడకు, భుజానికి, నడుముకు సర్జరీలయ్యాయి. రెండేళ్ళకు పైగా మైదానానికి దూరమై, వీడ్కోలు కోసం 2018 సెప్టెంబర్ 29న ఒక్క మ్యాచ్‌లో థర్డ్ బేస్‌లో నిలబడ్డాడు. పక్కన షార్ట్‌స్టాప్‌గా అదే రేయెస్, మధ్యలో వేరే జట్లు తిరిగి మళ్ళీ సొంతగూటికి వచ్చి.

నేనూ మా అమ్మాయీ స్టేడియంలో ఉన్నాం. మ్యాచ్ మొదలయ్యేసరికి తెనాలిలో తెల్లవారుజాము దాదాపు ఐదు. నాన్నకు వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి ఫోన్ మైదానం వైపు తిప్పి పట్టుకున్నాను. బొమ్మ సరిగ్గా కనబడలేదేమో, ఆయన స్కోరు అడగలేదు. "మన రైడర్ ఎట్టా పరిగెత్తుతున్నాడ్రా?" అని అడిగారు.

"బానే పరిగెత్తుతున్నాడు నాన్నా" అన్నాను.

"కుంటటం లేదుగా?"

"లేదు."

"సరే అయితే. అమ్మాయికి చూపించు" అన్నారు.