డాక్టర్ సలహా: టీబీ బిళ్లలు ‘వేడి’ చేస్తున్నాయని మూడు పూటలకీ పంచుకోవచ్చా?

ప్రశ్న: మా ఆయనకు 44 ఏళ్లు, బరువు 46 కిలోలు. సముద్రం మీద వేటకు వెళ్తారు. ఊపిరితిత్తుల్లో టీబీ అని తేలడంతో నెలన్నర క్రితం మందులు మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే మూడు పెద్ద బిళ్లలు ఒకేసారి మింగుతున్నారు. దగ్గు, జ్వరం పోయాయి, ఆకలి వేస్తోంది. కానీ మూత్రం ఎర్రగా వస్తోంది. అరికాళ్లు మండుతున్నాయంటున్నారు. మొన్న కానాగంతల పులుసు తిన్న అరగంటకే మొహం, ఛాతీ ఎర్రబడి తలనొప్పి, గుండెదడ వచ్చాయి. బిళ్లలు వేడి చేస్తున్నాయి, పూటకొకటి చొప్పున వేసుకోమని మా వదిన చెబుతోంది. తగ్గిపోయింది కదా, ఇక మానేస్తానని ఆయన అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ సోదరి, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు అసలు మాట చెప్పేస్తాను. మందులు మానొద్దు, పూటకొకటి చొప్పున పంచొద్దు. మీ ఆయన చెప్పే ఇబ్బందులు నిజమైనవే, వాటిని కొట్టిపారేయకండి. కాకపోతే అవి వేడి వల్ల వచ్చినవి కావు. ఆ బిళ్లలో నాలుగు మందులున్నాయి. ఏ ఇబ్బంది ఏ మందు వల్ల వస్తుందో తెలుసు, దానికి ఏం చేయాలో కూడా తెలుసు.

ఒక్కో బిళ్లలో ఐసోనియాజిడ్ 75 మిల్లీగ్రాములు, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఎథాంబుటాల్ 275 ఉంటాయి. 35 నుంచి 49 కిలోల బరువున్న పెద్దవాళ్లకు రోజుకు మూడు బిళ్లలు. మీ ఆయనకు ఇచ్చిన లెక్క సరిగ్గానే ఉంది. తిండి పట్టి 50 కిలోలకు చేరితే నాలుగు వేసుకోవాల్సి వస్తుంది కాబట్టి నెలనెలా తూకం చూపించండి.

మూత్రం ఎర్రబడటం రిఫాంపిసిన్ పని. ఆ మందు పొడే ఇటుక రంగులో ఉంటుంది. దాని అణువులో రంగునిచ్చే వలయాలు కొన్ని ఉంటాయి, వాటి మీదుగా బుట్ట పిడిలా ఒక గొలుసు వంగి ఉంటుంది. టీబీ క్రిమి బతకాలంటే తన జన్యువుల్లోని సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏ అనే నకలుగా రాసుకుంటూ ఉండాలి. ఆ రాసే ఎంజైములోకి ఈ అణువు దూరి, తూములో రాయి అడ్డం పడ్డట్టు కూర్చుంటుంది. రెండు మూడు అక్షరాలు రాసేసరికి ఆర్‌ఎన్‌ఏ గొలుసు ముందుకు కదలదు. పని ముగించుకున్న మందు మూత్రంలో, చెమటలో, కన్నీళ్లలో రంగుగా బయటికి పోతుంది. బనియన్ మీద మరకలు పడొచ్చు. బిళ్ల వేసుకున్న కొన్ని గంటలు రంగు చిక్కగా ఉండి, సాయంత్రానికి పలచబడితే కంగారు పడాల్సింది లేదు. రంగు రోజంతా ముదురుగానే ఉండి, కంటి తెల్లగుడ్డు కూడా పచ్చబడితే అది కామెర్లు. పగటి వెలుతురులో నిలబెట్టి మీరే ఆయన కళ్లు చూడండి.

ఇక మీ వదినగారి సలహా. ఆవిడ మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఈ మందుల విషయంలో అది పనికిరాదు. రిఫాంపిసిన్ రక్తంలో ఎంత ఎత్తుకు చేరితే అంత గట్టిగా క్రిమిని చంపుతుంది. మూడు బిళ్లలు ఒకేసారి పడితే వచ్చే ఎత్తు పూటకొకటి వేసుకుంటే రాదు. పైగా టీబీ క్రిమి మహా నెమ్మది. మామూలు పేగు క్రిములు ఇరవై నిమిషాల్లో ఒకటి రెండవుతాయి, దీనికి దాదాపు ఇరవై గంటలు పడుతుంది. అందుకే రోజుకు ఒక్క గట్టి దెబ్బ సరిపోతుంది. టిఫినుకు గంట ముందు, ఖాళీ కడుపుతో మంచినీళ్లతో మింగితే మందు బాగా ఒంటబడుతుంది. వాంతి వస్తుందనిపిస్తే ఒక ఇడ్లీయో, కాస్త చోడి అంబలో తీసుకుని వేసుకోవచ్చు, అసలు మానేయడం కన్నా అది నయం. గ్యాస్ అని తెల్ల సిరప్ తాగే అలవాటుంటే బిళ్లలతో పాటు తాగనివ్వకండి. అందులోని అల్యూమినియం ఐసోనియాజిడ్‌ను సరిగా ఒంటబట్టనివ్వదు. రెండింటికీ మధ్య కొన్ని గంటలు తేడా ఉండాలి.

అరికాళ్ల మంట, చేపల పులుసు గొడవ, రెండూ ఐసోనియాజిడ్ వైపే వేలు చూపిస్తున్నాయి. ఈ మందు కథ నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. 1912లోనే ప్రేగ్‌లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దీన్ని తయారుచేశారు. అది టీబీని చంపుతుందని 1952 దాకా లోకానికి తెలియలేదు. ఆ నలభై ఏళ్లలో పోయిన ప్రాణాలు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. చిన్న అణువు, నిజానికి తనంతట తాను ఏమీ చేయలేదు. క్రిమి లోపలికి వెళ్లాక, క్రిమి తన రక్షణ కోసం పెట్టుకున్న ఎంజైమే దీన్ని విషంగా మారుస్తుంది. తాను తీసిన గోతిలో తానే పడ్డట్టు, ఆ విషం క్రిమి మైనపు గోడ కట్టుకునే పనిని ఆపేస్తుంది. గోడ లేని క్రిమి నిలవదు.

ఈ అణువు చివర రెండు నైట్రోజన్లు పక్కపక్కనే ఉన్న ఒక కొస ఉంది. మన ఒంట్లోని బి6 విటమిన్‌ను అది కొక్కెంలా పట్టేసుకుంటుంది. రెండూ కలిసి మూత్రంలో పోతాయి. నరాలకు బి6 కావాలి, అది తగ్గేసరికి ముందు అరికాళ్లు తిమ్మిరెక్కి మండుతాయి. కొందరి కాలేయం ఐసోనియాజిడ్‌ను త్వరగా మార్చేస్తుంది, కొందరిది నిదానంగా. అది పుట్టుకతో వచ్చేది. మనవాళ్లలో నిదానం రకం చాలామందే ఉన్నారు, వాళ్లకు మంట వచ్చే అవకాశం ఎక్కువ. సాధారణంగా టీబీ మందులతో పాటు పిరిడాక్సిన్ అనే చిన్న బిళ్ల రోజుకు 10 మిల్లీగ్రాములు ఇస్తారు. ఆయన అది వేసుకుంటున్నారో లేదో ఇవాళే చూడండి. చాలా ఇళ్లలో పెద్ద బిళ్లలు జాగ్రత్తగా మింగి ఈ చిన్నదాన్ని బలం మందు కదా అని వదిలేస్తారు. మంట మొదలైంది కాబట్టి మోతాదు పెంచాల్సి రావచ్చు, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. దుకాణంలో కొని ఎక్కువెక్కువ వేసుకుంటే ఆ విటమినే నరాలను దెబ్బతీస్తుంది. షుగర్ పరీక్ష కూడా చేయించండి. మందు తాగే అలవాటుంటే దాచకుండా డాక్టరుకు చెప్పాలి. మద్యం నరాలకూ చేటే, ఈ బిళ్లలు పడుతున్నప్పుడు కాలేయానికి మరీ చేటు.

చేపల సంగతి. కానాగంత, సూర వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. ఐసు లేకుండా ఎండలో కాసేపుంటే చేప మీది క్రిములు దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. ఎంత మరిగించినా అది పోదు. మామూలుగా మన పేగుల్లోని ఎంజైము హిస్టమిన్‌ను విరిచేస్తుంది. ఐసోనియాజిడ్ ఆ ఎంజైముకు అడ్డుపడుతుంది. అందుకే ఆ పులుసు తిన్నాక ఆయనకు మొహం ఎర్రబడి గుండె దడదడలాడింది. చేపలు మాన్పించకండి. టీబీ మనిషికి మాంసకృత్తులు చాలా అవసరం. కోర్సు అయ్యేదాకా కానాగంతలు, సూర పక్కన పెట్టి, వేరే చేపలు తాజాగా పట్టినవో, ఐసులో ఉంచినవో వండండి. గుడ్లు, పప్పు, పాలు సరేసరి. ఇలాంటి తిండి కోసమే నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. మీకు పడకపోతే టీబీ సిబ్బందిని గట్టిగా అడగండి.

తగ్గిపోయిందిగా అన్న మాట దగ్గరే నాకు భయం. ఒక పెద్దాయన నా దగ్గరకు ఓ స్టీలు డబ్బా తెచ్చి మూత తీసి బల్ల మీద బోర్లించారు. చింపని స్ట్రిప్పులు, నాలుగు నెలలవి. రెండు నెలలకే బాగైపోయానని ఆపేశారట. ఆ రోజు ఆయన కళ్లె పరీక్షలో రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ తేలింది. ఆ డబ్బా చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. ఊపిరితిత్తుల్లో పుండు పడితే అందులో కోట్ల క్రిములుంటాయి. సుమారు పది లక్షల్లో ఒకటి ఐసోనియాజిడ్‌కు, పది కోట్లలో ఒకటి రిఫాంపిసిన్‌కు పుట్టుకతోనే లొంగదు. రెండింటికీ ఒకేసారి లొంగని క్రిమి పుట్టడం చాలా అరుదు. నాలుగు మందులు కలిపి ఇచ్చేది అందుకే. ఏ ఒక్కటి సగంలో మానినా, అరకొరగా వేసినా, లొంగనివే మిగిలి పెరుగుతాయి. దగ్గు పోవడానికి కారణం ఎక్కువ క్రిములు చావడం. నిద్రపోతున్నట్టు మిగిలినవి ఇంకా ఉన్నాయి. ఆమ్లం నిండిన మూలల్లో దాక్కున్న అలాంటి వాటిని వెతికి చంపేది పైరజినమైడ్. అది వచ్చాకే, రిఫాంపిసిన్‌తో కలిసి, చికిత్స ఆరు నెలలకు తగ్గింది. మొదటి రెండు నెలలే ఇస్తారు. యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు నొప్పెడితే దాని వల్లేనని చెప్పుకోవచ్చు.

నాలుగోది ఎథాంబుటాల్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థలోనే, ఆయన పోయిన 13 ఏళ్లకు, 1961లో అది బయటపడింది. కుడి ఎడమ చెప్పుల్లా దాని అణువుకు అద్దంలో ప్రతిబింబం లాంటి రూపం ఇంకొకటి ఉంది. ఒక రూపమే క్రిమిని చంపుతుంది, అదే బిళ్లలో వాడతారు. ఇది కంటి నరాన్ని దెబ్బతీసే అవకాశం ఉంది. వారానికోసారి ఒక కన్ను మూసి, ఇంకో కంటితో ఎర్ర చీర, పచ్చ చీర తేడా చెప్పమనండి. మసకగా ఉందన్నా, రంగులు తేడాగా ఉన్నాయన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం మీది కాబట్టి ఇంకో ముఖ్యమైన సంగతి. ఎథాంబుటాల్, అలాగే పైరజినమైడ్ విరిగాక మిగిలే పదార్థాలు ఎక్కువగా కిడ్నీల గుండానే బయటికి పోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ రెండింటినీ రోజూ కాకుండా వారానికి మూడుసార్లు ఇస్తాం, నాలుగూ కలిసిన బిళ్ల బదులు విడివిడి బిళ్లలు వాడతాం. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రోజూ యథాతథం. ఆయనకు క్రియాటినిన్ పరీక్ష చేశారో లేదో చీటీలో చూడండి. లేకపోతే ఈ వారంలోనే చేయించండి.

కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, అన్నం చూస్తేనే వికారం, కుడి డొక్కలో నొప్పి, చూపు మసక, వీటిలో ఏది కనిపించినా ఆ రోజు బిళ్లలు ఆపి అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలకు టీబీ పరీక్ష చేయించి, లేదని తేలితే ముందుజాగ్రత్త మందు అడగండి.

వేటకు ఎప్పుడు వెళ్లొచ్చో ఆయన మీ డాక్టరునే అడగాలి. రెండో నెల చివర కళ్లె పరీక్ష తప్పనిసరి, ఆ రోజు సముద్రం మీద ఉండకూడదు. నాలుగు రోజుల వేటైతే ఐదు రోజుల బిళ్లలు, పిరిడాక్సిన్‌తో సహా, ఉప్పు నీళ్లు తగలకుండా బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టి ఇవ్వండి. పొద్దున్నే బిళ్లలు గుర్తుచేయమని బోటులో ఒకరికి చెప్పి పంపండి.