పండగ సెలవులు, ఆటిజం ఉన్న బాబు: టపాసుల మోతకు తల కొట్టుకుంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. మూడేళ్ల వయసులో ఆటిజం అని తేలింది. మాటలు చాలా తక్కువ. పోయిన దీపావళికి టపాసుల మోత భరించలేక తల గోడకేసి కొట్టుకున్నాడు. ఈసారి దసరా సెలవులకు వరంగల్ దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్తున్నాం. నలుగురిలో తిప్పితే అదే అలవాటవుతుందని ఇంట్లో పెద్దలు అంటున్నారు. దీపావళి రాత్రి జలుబు సిరప్ వేస్తే నిద్రపోతాడని తెలిసినవాళ్లు చెప్పారు. వేయవచ్చా? – ఒక తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ సిరప్ సంగతి. దయచేసి వేయకండి. జలుబు మందులు కొన్నింటిలో మత్తు కలిగించే యాంటీహిస్టమిన్లు ఉంటాయి. వాటితో కొందరు పిల్లలు పడుకోకపోగా ఇంకా చిరాకుపడి అదుపు తప్పుతారు. మోతాదు మించితే ప్రాణం మీదికి వస్తుంది. మామూలు రోజుల్లోనూ బాబు సరిగ్గా నిద్రపోకపోతే, అతడిని చూస్తున్న డాక్టరుతో ఆ విషయం విడిగా మాట్లాడండి.

ఇక అలవాటు గురించి. పెద్దలు ప్రేమతోనే అంటున్నారు. కానీ ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు చప్పుడు, వెలుతురు, స్పర్శ మనకు అందినట్లు అందవు. మనం ఉలిక్కిపడి మరిచిపోయే మోత వారిని నిజంగా బాధపెడుతుంది. బాబు తల కొట్టుకోవడం మొండితనం కాదు. మొండితనమైతే అడిగింది ఇవ్వగానే ఆగిపోతుంది. ఇది ఆ చప్పుడు దూరమై, ఒళ్లు నెమ్మదిస్తే తప్ప ఆగదు. అప్పుడు కేకలు వేసినా, గబగబా బుజ్జగించినా అతడికి అవి మరో రెండు చప్పుళ్లే. చుట్టూ ఉన్నవాళ్లను పంపేయండి, లైటు తగ్గించండి, తలకూ గోడకూ మధ్య దిండు అడ్డుపెట్టి మౌనంగా పక్కన కూర్చోండి. చప్పుళ్లేవీ లేని రోజుల్లోనూ కొత్తగా తల కొట్టుకుంటుంటే మాత్రం చెవి, పంటి నొప్పులేమైనా ఉన్నాయేమో చూపించండి. నొప్పి అని చెప్పే మాట అతడి దగ్గర లేదు కదా.

బడి, థెరపీ ఒకేసారి ఆగిపోవడం ఈ పిల్లలకు పెద్ద కుదుపు. కాబట్టి ఊళ్లోనూ లేచే వేళ, స్నానం, తిండి, పడక మార్చవద్దు. నానమ్మ ఇల్లు, అతడు పడుకోబోయే గది, బాత్రూము ఫోటోలు తెప్పించుకుని ఇప్పటి నుంచే రోజూ చూపించండి. ఎన్ని రాత్రులు ఉంటారో కాగితం మీద గళ్లు గీసి, రోజుకొకటి కొట్టేయనివ్వండి. పండగ ముందురోజు ఉప్పల్‌లో బస్సుల కోసం తోపులాటలో పడకుండా రెండు రోజుల ముందే బయలుదేరండి. అతడి కంచం, దుప్పటి వెంట తీసుకెళ్లండి. నాలుగు రోజులు పెరుగన్నమే తిని పులిహోర ముట్టకపోతే కొంపలేమీ మునగవు. కొత్త బట్టలు రెండుసార్లు ఉతికి, మెడ దగ్గరి లేబుల్ కత్తిరించండి. అప్పటికీ వద్దంటే పాత నూలు చొక్కాతోనే పండగ చేసుకుంటాడు.

బతుకమ్మకు పూర్తిగా దూరంగా ఉంచాలని నేను అనను. పొద్దున తంగేడు, బంతి, గునుగు పూలను రంగుల వారీగా వేరుచేసే పని ఇచ్చి చూడండి. ఇలాంటి పని ఈ పిల్లల్లో చాలామందికి ఇష్టం. సాయంత్రం డీజే పెట్టెలకు దూరంగా, ఓ పక్కన పావుగంట నిలబడి, అతడు బాగున్నప్పుడే ఇంటికి తెచ్చేయండి. దసరా నాడు జమ్మి ఇచ్చి ఆలింగనం చేసుకోవడం మన మర్యాద. అనుకోని స్పర్శ అతడికి కష్టమని, ఆకును అరచేతిలో పెడితే చాలని బంధువులకు ముందే ఫోన్‌లో చెప్పండి. ఈ మాట మీవారు చెబితే ఇంకా బాగుంటుంది. ప్రతిసారీ కోడలే సంజాయిషీ ఇచ్చుకోవడం న్యాయం కాదు.

దీపావళికి చెవులను కప్పి చప్పుడు తగ్గించే ఇయర్‌మఫ్‌లు కొని, రెండు వారాల ముందు నుంచి రోజూ కొన్ని నిమిషాలు ఆటలా పెట్టి తీయండి. ఆ రాత్రికే కొత్తగా పెడితే విసిరేస్తాడు. బాణసంచా కాల్చే సమయాన్ని సుప్రీంకోర్టు 2018లో రాత్రి 8 నుంచి 10 వరకు పరిమితం చేసింది. ఆ రెండు గంటల మోత తప్పకపోవచ్చు. ఇంట్లో లోపలి గది ఎంచుకుని, కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, అతడికి నచ్చిన బొమ్మలు అక్కడే పెట్టండి. మీ అపార్ట్‌మెంట్ సంఘానికి ముందే ఒక మాట చెప్పండి. దీపాలు, కాకరపువ్వొత్తుల మెరుపు అతడిని లాగవచ్చు. కాలుతుందన్న భయం ఉండకపోవచ్చు. చేతికి అందనివ్వకండి.

అన్నిటికన్నా నాకు భయం చెరువు దగ్గర. ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా వెళ్లిపోతుంటారు, నీళ్లంటే చాలామందికి మహా ఇష్టం. సద్దుల బతుకమ్మ రాత్రి అందరి చూపూ పూల మీదే ఉంటుంది. 'అందరం ఉన్నాం కదా' అనుకున్న చోటే బిడ్డ తప్పిపోతాడు. ఏ గంటలో ఎవరు చేయి పట్టుకోవాలో పేరుపేరునా నిర్ణయించండి. మారేటప్పుడు 'ఇక నువ్వు చూడు' అని పైకి చెప్పి అప్పగించండి. మీ ఫోన్ నంబరు రాసిన చీటీ అతడి జేబులో ఉంచండి. కనిపించకపోతే ముందు చెరువు, బావి వైపు పరుగెత్తండి. అదే సమయంలో ఇంకొకరు 112కు ఫోన్ చేయాలి.