మాధవికి, చదువుకునే మూల గురించి

ప్రియమైన మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. గొలుసులకు వేలాడే ఊయల కుర్చీ, గోడ నిండా చిన్న దీపాల తోరణాలు, నేల మీద తెల్లటి బొచ్చు తివాచీ. అందంగానే ఉన్నాయి. అలాంటిది మీ ఇంట్లో ఒకటి ఏర్పాటు చేసుకుంటే, పుస్తక ప్రదర్శనలో కొని ఇంకా తెరవని పుస్తకాలు చదవగలుగుతావా అని అడిగావు. చదవగలుగుతావు. కానీ ఆ ఫోటోల ప్రకారం చేస్తే కాదు.

ఉద్యోగమంతా గ్రంథాలయాల్లోనే గడిపినదాన్ని. పాఠకులు ఏ బల్ల దగ్గర గంటల తరబడి కూర్చుంటారో, ఏ కుర్చీలోంచి పది నిమిషాలకే లేచిపోతారో రోజూ చూసేదాన్ని. పుస్తకం మీద ఇష్టం తగ్గి మానేసేవాళ్ళు తక్కువ. వెలుతురు చాలకో, మెడ లాగేసో, కళ్ళద్దాలు పక్క గదిలో ఉండో, ఎవరో పిలిచో లేచేవాళ్ళే ఎక్కువ. ఒకసారి లేస్తే మళ్ళీ వచ్చి ఆ పేజీ అందుకోవడం కష్టం. కాబట్టి నీ మూలకు ముఖ్యంగా కావలసింది ఒక్కటే, కూర్చున్నాక లేవవలసిన అవసరం రాకపోవడం. అలంకారం సంగతి తర్వాత.

ముందు చోటు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యులైన రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. పాఠకుడి సమయం ఆదా చేయాలనేది వాటిలో నాలుగోది. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊళ్ళకు తీసుకువెళ్ళారు. పొలం పని చేసి అలసిపోయినవాళ్ళు పట్నందాకా రాలేరు కాబట్టి పుస్తకాలనే వాళ్ళ రేవుకు చేర్చారు. మన ఇంట్లోనూ అదే పద్ధతి పాటించాలి. నువ్వు ఎలాగూ వెళ్ళే చోటికే పుస్తకం రావాలి. పుస్తకం కోసం నువ్వు ప్రత్యేకంగా ఓ గదికి వెళ్ళాలంటే రెండు వారాల తర్వాత ఆ గదిలో ఇస్త్రీ బట్టలు చేరతాయి.

నువ్వు బాల్కనీ అనుకుంటున్నావు. వద్దు. మీది పడమటి బాల్కనీ. మధ్యాహ్నం మూడు దాటితే అక్కడ నిలబడలేము, ఎండ తగ్గేసరికి దోమలు వస్తాయి, రోడ్డు దుమ్ము ఉండనే ఉంది. పడకగదీ వద్దు. మంచం కనబడితే ఒళ్ళు నిద్రనే కోరుకుంటుంది. భోజనాల బల్ల వెనుక తూర్పు కిటికీ ఉంది కదా, పోయినసారి నేను వచ్చినప్పుడు బాబును స్కూలు బస్సు ఎక్కించి వచ్చి రోజూ కాఫీ కప్పుతో నువ్వు నిలబడ్డది అక్కడే. ఆ కిటికీ కింద నాలుగడుగుల జాగా ఖాళీగా ఉంది. అదే నీ మూల. అక్కడ కూర్చుంటే టీవీకి వీపు తిప్పినట్టవుతుంది, అదీ మంచిదే. మాటలు వినబడుతున్నా, కదిలే బొమ్మలు కనబడకపోతే మనసు పుస్తకం మీద నిలుస్తుంది.

ఇక ఆసనం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ తొందరపడి డబ్బు తగలేసేది ఇక్కడే. ఊయల కుర్చీలో మోచేతులకు ఆనుడు ఉండదు, మనం ఊపిరి పీల్చినా అక్షరాలు కదులుతాయి. బీన్ బ్యాగులో నడుము కుంగి, తల ముందుకు వాలిపోతుంది. మీ తాతయ్య పడక కుర్చీ తెచ్చుకోవాలని ఉందన్నావు. దినపత్రికకు అది బాగుంటుంది. నాలుగు వందల పేజీల పుస్తకాన్ని వెనక్కి వాలి గాలిలో పట్టుకోవాలంటే మాత్రం చేతులు లాగుతాయి. దాన్ని మీ అత్తగారికి ఇవ్వు, ఆవిడ వారపత్రికలు అందులో కూర్చుని హాయిగా తిరగేస్తారు.

నీకు వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె లాంటి బల్ల చేయించు. పొడవు నాలుగడుగులు, వెడల్పు 22 అంగుళాలు. ఎత్తు మాత్రం నీ మోకాలి వెనుక నుంచి నేల వరకు కొలిచి, అందులోంచి పరుపు మందం తీసేసి చెప్పు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. పక్క గోడకు వీపు ఆనించి, కాళ్ళు బల్ల మీద చాపుకునే వీలు కూడా ఉంటుంది, అప్పుడు కిటికీ వెలుతురు పక్క నుంచి పేజీ మీద పడుతుంది. నడుము దగ్గర గుండ్రటి బాలీసు ఒకటి, ఒళ్ళో ఇంకో దిండు పెట్టుకో. పుస్తకం ఆ ఒళ్ళోని దిండు మీద ఆనితే మెడ వంచనక్కర్లేదు, చేతులకు బరువూ ఉండదు. గ్రంథాలయాల్లో పత్రికలు పెట్టే బల్లలు ఏటవాలుగా ఉండేది ఈ మెడ కోసమే. మన పెద్దవాళ్ళు నేల మీద కూర్చుని పురాణం చదివేందుకు వ్యాసపీఠం వాడేవారు. మడిచి పక్కన పెట్టుకునే ఆ చెక్కపీట పూజాసామగ్రి దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. ఒకటి కొను. నువ్వు వాడకపోయినా బాబు వాడతాడు, పిల్లలకు నేల మీదే చదవడం ఇష్టం.

పగలు కిటికీ చాలు, రాత్రికి దీపం కావాలి. తోరణాల దీపాలు ఫోటోకు తప్ప చదువుకు పనికిరావు. తల ఎటు కావాలంటే అటు తిరిగే దీపం ఒకటి తీసుకుని, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పెట్టు. వెనకటి 60 వాట్ల బల్బు ఇచ్చినంత వెలుతురు ఇస్తుంది. పెట్టె మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉన్నది చూసి తీసుకో, ఆ పసుపు ఛాయ రాత్రిపూట కళ్ళకు సుఖంగా ఉంటుంది. దీపం నీ భుజం వెనుక నుంచి పేజీ మీద పడాలి. పెన్సిలుతో గీతలు పెట్టే అలవాటు ఉంది కాబట్టి ఎడమ భుజం వైపు పెట్టు, చేతి నీడ అక్షరాల మీద పడదు. గది చీకటి చేసి ఒక్క దీపం కింద చదవకు, పైనున్న లైటు కూడా వెలగనీ. ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడు. నీ కిటికీలోంచి ఎదురింటి వేపచెట్టు కనబడుతుంది, దాన్ని చూస్తే సరిపోతుంది.

ఫ్యాను గాలి నేరుగా పేజీల మీదికి రాకుండా చూసుకో. పక్కన చిన్న స్టూలు వేసి, దాని మీద మంచినీళ్ళు, కళ్ళద్దాలు, పెన్సిలు, కొన్ని కాగితం ముక్కలు ఉంచు. అర్థాలు చూడడానికి ఫోను కావాలన్నావు. చిన్న నిఘంటువు కొనిపెట్టుకో తల్లీ. అర్థం కోసం ఫోను తీస్తే ఆ మాట తప్ప మిగతావన్నీ చూస్తాం. ఛార్జరు వంటగదిలో పెట్టు, నువ్వు చదివే అరగంట ఫోను అక్కడే ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ల్యాప్‌టాప్ కూడా ఈ బల్ల మీదికి రానివ్వకు.

పుస్తకాలన్నీ అక్కడ సర్దకు. చేతికందేలా మూడు చాలు, ఒకటి నువ్వు పట్టుదలగా చదవాలనుకున్నది, ఒకటి కథల సంపుటి, ఇంకొకటి ఇదివరకే చదివి ఇష్టపడ్డది. అలసిపోయిన రోజు ఆ మూడోదే నిన్ను అక్కడ కూర్చోబెడుతుంది. యాభై పేజీలైనా రుచించని పుస్తకాన్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టేయి. హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో సభ్యత్వం కూడా తీసుకో. తిరిగి ఇవ్వవలసిన తేదీ ఉన్న పుస్తకం, కొన్న పుస్తకం కన్నా ముందు పూర్తవుతుంది. ఇది నా అనుభవంలో తిరుగులేని మాట.

మిగతావాటికి అరలు చేయిస్తే లోతు పది అంగుళాలు చాలు, మన తెలుగు పుస్తకాలు చాలావరకు డెమ్మీ సైజువే, అంటే మామూలు నవల సైజువే. ఒక్కో అర పొడవు రెండున్నర అడుగులు దాటనివ్వకు, బరువుకు ప్లైవుడ్ వంగుతుంది. బయటి గోడకు ఆనించకుండా రెండు వేళ్ళ ఎడం ఉంచు, వానాకాలం చెమ్మ పేజీలకు ఎక్కదు. మైదా జిగురుతో అతికించిన పాత పుస్తకాలంటే సిల్వర్ ఫిష్ పురుగుకు ప్రీతి. రెండు నెలలకొకసారి దులిపి, ఎండిన వేపాకు పలుచని గుడ్డలో మూటకట్టి పెట్టు. నాఫ్తలీన్ ఉండలు మాత్రం చిన్నపిల్లలు తిరిగే చోట వద్దు.

ఇంతకన్నా కష్టమైనది ఇంట్లోవాళ్ళకు అలవాటు చేయడం. ఆడపిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుంటే మన ఇళ్ళలో అందరికీ ఆమె ఖాళీగా ఉన్నట్టే కనబడుతుంది. అదే మగవాడు పేపరు చదువుతుంటే ఎవరూ పప్పు చూడమని పిలవరు. నాకు ఈ విషయంలో కోపం ఇప్పటికీ తగ్గలేదు. అందుకే నీకు ప్రత్యేకమైన చోటు ఉండాలని గట్టిగా చెబుతున్నాను. ఆ బల్ల మీద కూర్చున్నావంటే చదువుతున్నావని అర్థం, ఆ అరగంట ఎవరూ పిలవకూడదు. ఈ మాట అల్లుడుగారికీ, అత్తగారికీ ముందే నెమ్మదిగా, స్పష్టంగా చెప్పు. బాబు అక్కడికొచ్చి కూర్చుంటే వాడికీ అదే నియమం. బల్ల కింద అరలో వాడి పుస్తకాలు అట్టలు ముందుకు కనబడేలా నిలబెట్టు. బొమ్మ చూసే పిల్లలు పుస్తకం తీస్తారు.

వడ్రంగికి చెప్పేముందు కిటికీ కింది గోడ కొలతలు నాకు రాసి పంపు. పరుపు ఇక్కడ తెనాలిలో కుట్టించి, వచ్చే నెల వచ్చేటప్పుడు తెస్తాను. పత్తిదే కుట్టిస్తాను, బూరుగు దూది మెత్తగా ఉన్నా రోజూ కూర్చునే చోట తొందరగా కుంగిపోతుంది. గలేబు ఏ రంగు కావాలో కూడా రాయి. లేత రంగు మాత్రం వద్దు, బాబు పాలు తాగేది ఆ పక్కనే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ