బండి ముచ్చట్లు: ఎడమ చెయ్యి బ్రేకు కాదు, టీచరమ్మా

ప్రశ్న: సార్, నాకు 34 ఏళ్లు, ఉప్పల్‌లో టీచర్‌ని. ఎనిమిదేళ్లు గేర్లు లేని స్కూటర్ నడిపాను, ఒక్కసారి కూడా పడలేదు. దాన్ని అమ్మేశాక ఇప్పుడు మావారి స్ప్లెండర్ నేర్చుకుంటున్నాను. పది రోజుల్లో మూడుసార్లు పడ్డాను, మూడుసార్లూ బండి ఆపేటప్పుడే. మా ఆడపడుచు కొడుకు పడీపడీ నవ్వుతున్నాడు. తప్పు నాదా, బండిదా?

జవాబు: మీ పాత స్కూటర్‌దమ్మా. నిజంగానే చెబుతున్నాను. స్కూటర్ మీద ఎడమ చేతి కింద ఉండేది వెనక బ్రేకు. ఎనిమిదేళ్లు ఆపాలనుకున్నప్పుడల్లా మీ ఎడమ చెయ్యే బిగిసింది. స్ప్లెండర్‌లో అక్కడ ఉండేది క్లచ్. అది గట్టిగా పట్టుకుంటే బండి ఆగదు, ఇంజిన్‌తో సంబంధం తెగి ఇంకా హాయిగా దొర్లుతుంది. ఎలాగో ఆగాక, 'హమ్మయ్య' అని చెయ్యి వదిలేసి ఉంటారు. స్కూటర్ మీద అలా వదిలితే ఏమీ కాదు. ఇక్కడ బండి ఇంకా గేరులోనే ఉంది కనుక ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోతుంది, మీరు ఒక పక్కకు పోతారు. నేను చూడలేదు గానీ ఇదే జరిగి ఉంటుంది.

ఎందుకింత ధీమాగా చెబుతున్నానంటే, నేనూ ఇలాగే పడ్డాను. 1988లో, అప్పటికి నాకు 22 ఏళ్లు. స్నేహితుడి యెజ్డీ మీద నేర్చుకుని, నా అంత రైడర్ లేడనుకునే రోజులు. బర్కత్‌పురాలో మా బాబాయి బుల్లెట్ ఉండేది. ఆయన స్నానానికి వెళ్లిన పది నిమిషాల్లో తాళాలు తీసుకుని నారాయణగూడ చౌరస్తా దాకా వచ్చాను. ఆ కాలం బుల్లెట్‌కు గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర, యెజ్డీకి సరిగ్గా తిరగేసి. తెలియక కాదు, తెలుసు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు రెండుసార్లు పైకే చెప్పుకున్నాను కూడా. చౌరస్తాలో ముందున్న ఆర్టీసీ బస్సు ఠక్కున ఆగింది. కుడికాలితో శక్తికొద్దీ తొక్కాను. రెండో గేరులో ఉన్న బండి మూడో గేరులో పడింది, అంతే. బస్సును తప్పించాను గానీ జామకాయల తోపుడుబండిని తప్పించలేకపోయాను. దాని యజమాని నా వైపు చూడనైనా చూడకుండా దొర్లిన కాయలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. పాపం, నలభై రూపాయలతో వదిలేశాడు. బాబాయి వచ్చి ముందు హెడ్‌లైట్ చూసుకున్నాడు, తరవాత నన్ను.

పుత్లీబౌలిలో ఆ బండి బాగుచేసిన ఉస్తాద్ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది: "బండీకూ నై మియా, పావ్‌కూ సంఝావో." అంటే బండికి కాదు, కాళ్లకు చెప్పు అని.

మీరు చేతికి చెప్పాలి. ఆదివారం పొద్దున మీ స్కూల్ గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది కదా, అక్కడికి తీసుకెళ్లండి. ముందు ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్‌లో పెట్టి, మీవారిని వెనకనుంచి మెల్లగా తోయమనండి. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద ఊరికే ఉండాలి. కుడికాలితోనూ కుడి చేతి వేళ్లతోనూ కలిపి ఆపండి, ఒక పాతికసార్లు. ఆ తరవాతే ఇంజిన్. మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్‌ను వెంట్రుకవాసి వెంట్రుకవాసి వదలండి. బండి కదలబోతున్నట్టు ఒక వణుకు వస్తుంది. అక్కడే మళ్లీ పట్టుకోండి. ఆ వణుకు ఎక్కడ మొదలవుతుందో అరచేతికి తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. ఉస్తాద్ భాషలో దీన్నే "హల్లూ హల్లూ ఛోడో" అంటారు. ఆగాక న్యూట్రల్ పడేదాకా క్లచ్ వదలొద్దు.

మళ్లీ పడితే (పడొచ్చు, చెబుతున్నాను) ముందు తాళం తిప్పి ఇంజిన్ ఆపండి. లేపేటప్పుడు యాక్సిలరేటర్ పట్టుకోవద్దు, సైలెన్సర్‌కు కాలు తగలనివ్వొద్దు. కుడి పిక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ లేనివాళ్లు మా తరంలో తక్కువ. ఆ అబ్బాయి నవ్వు సంగతంటారా, వాణ్ణి ఒకసారి పాత బుల్లెట్ ఎక్కించి చూడండి.

ప్రశ్న: నాకు 17 ఏళ్లు, బైక్ బాగా నడుపుతాను. కాలనీ లోపలే కదా, నాన్న బండి తీయొచ్చా? (మలక్‌పేట)

జవాబు: వద్దు నాన్నా. గేరు బండి లైసెన్సుకు 18 నిండాలి. నువ్వు పట్టుబడితే చట్టం ప్రకారం మీ నాన్నకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, నీకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఒక్క ఏడాది ఆగలేవా?

ప్రశ్న: ఇన్ని బండ్ల గురించి రాస్తారు. మీకు బాగా ఇష్టమైనది ఏది? ఆర్‌ఎక్స్ 100 అనే పందెం కాశాం. (నల్లకుంట మిత్రబృందం)

జవాబు: పందెం ఓడిపోయారు. 98 సీసీలో 11 గుర్రాల బలం, ఆ సైలెన్సర్ చప్పుడు, నాకూ ఇష్టమే. 1985 నుంచి 1996 దాకా తయారైన ఆ బండికి ఇవాళ అడుగుతున్న ధర చూస్తే మాత్రం నవ్వొస్తుంది. నా బండి హీరో హోండా సీడీ 100. అది కూడా 1985లో వచ్చిందే. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. శబ్దం లేదు, పొగ లేదు, చూసి వెనక్కి తిరిగినవాళ్లూ లేరు. నారాయణగూడ నుంచి నాంపల్లి ఆఫీసుకు రానూపోనూ పది కిలోమీటర్లు. లీటరు పోయిస్తే వారం గడిచేది. టూ స్ట్రోక్ బండ్లవాళ్లు పెట్రోల్‌లో ఆయిల్ కలిపించుకుంటూ బంకులో నిలబడి ఉంటే, నేను మూత బిగించి వెళ్లిపోయేవాణ్ణి. జీతం మీద బతికేవాడికి అంతకన్నా గర్వం ఏముంటుంది? పెళ్లయ్యాక ట్యాంకు మీద పెద్దాడు, వెనక మా ఆవిడ, ఆమె ఒళ్లో చిన్నది. ఇప్పుడు తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది, అప్పట్లో ఒక్కరి నెత్తినా హెల్మెట్ లేదు.

ఇప్పుడు నడిపేది ఫ్యూయల్ ఇంజెక్షన్ స్కూటర్. పెట్రోల్ అయిపోవస్తే పాత బండ్లకు తిప్పుకునే రిజర్వు నాబ్ దానికి ఉండదు. అయినా మొన్న తార్నాక ఫ్లైఓవర్ మీద బండి కాస్త దగ్గగానే, నా ఎడమ చెయ్యి మోకాలి పక్కన నాబ్ కోసం తడుముకుంది.