625లో ఆ 125 ఎందుకు?

ప్రశ్న: ఇదివరకు గొంతు నొప్పికి అమోక్సిసిలిన్ 500 మాత్రలు వాడాను. ఈసారి సైనసైటిస్‌కు అమోక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన 625 మాత్రలు రాశారు. ఇది మరింత పవరున్న మందా? ఇకమీదట గొంతు నొప్పికీ ఇదే వాడవచ్చా?

జవాబు: మాత్ర మీది అంకె పెరిగింది గాని, అందులోని అమోక్సిసిలిన్ పెరగలేదు. 625లో 500 మిల్లీగ్రాములు మీకు తెలిసిన పాత మందే. మిగిలిన 125 క్లావులానిక్ ఆమ్లం. దీనికి సొంతంగా బ్యాక్టీరియాను చంపే శక్తి చాలా తక్కువ. అయితే కొన్ని బ్యాక్టీరియాలు బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును తయారుచేసి, అమోక్సిసిలిన్ తన పని చేయకముందే దాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. క్లావులానిక్ ఆమ్లం ఆ ఎంజైమునే పట్టుకుని పనిచేయకుండా ఆపుతుంది. ఈ ఆమ్లాన్ని ఇచ్చేది కూడా ఒక బ్యాక్టీరియాయే, స్ట్రెప్టోమైసిస్ క్లావులిగెరస్.

కాబట్టి ఆ ఎంజైము అడ్డుపడే చోటనే ఈ జత వల్ల అదనపు ప్రయోజనం. సైనస్, మధ్యచెవి ఇన్ఫెక్షన్లకు కారణమయ్యే హీమోఫిలస్, మోరాక్సెల్లా రకాల బ్యాక్టీరియాలో ఆ ఎంజైము తరచుగా కనిపిస్తుంది. కుక్క, పిల్లి కరిచిన గాయాలలో పలు రకాల బ్యాక్టీరియా కలిసి చేరతాయి గనుక అక్కడా వైద్యులు దీన్నే ఎంచుకుంటారు. గొంతు నొప్పి సంగతి వేరు. అది ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేదే, దానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. ఒకవేళ గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చినా, ఆ బ్యాక్టీరియా బీటా లాక్టమేజ్‌ను తయారుచేయదు గనుక పెన్సిలిన్ గాని, ఒట్టి అమోక్సిసిలిన్ గాని సరిపోతుంది. మెథిసిలిన్ అనే పెన్సిలిన్ జాతి మందుకు లొంగని స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా మీద మాత్రం ఈ జత కూడా పనిచేయదు, ఎందుకంటే అది మందును విరగ్గొట్టడంతో ఆగక, మందు అతుక్కోవలసిన ప్రోటీనునే మార్చుకుంది.

రెండో మందు చేరినందుకు విరేచనాలు కొంత ఎక్కువ. భోజనం మొదలుపెట్టేటప్పుడు వేసుకుంటే కడుపు తట్టుకుంటుంది. అరుదుగా కామెర్లు వస్తాయి, అదీ ఒక్కోసారి మందు ఆపిన కొన్ని వారాలకు, ముఖ్యంగా వయసు మళ్లిన పురుషులలో. పెన్సిలిన్ పడనివారు దీన్ని అసలు వాడకూడదు.

ప్రశ్న: 625 దొరకనప్పుడు 375 మాత్రలు రెండు వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. 375లో 250 అమోక్సిసిలిన్, 125 క్లావులానిక్ ఆమ్లం ఉంటాయి. రెండు వేసుకుంటే అమోక్సిసిలిన్ సరిగ్గా 500 అవుతుంది గాని, క్లావులానిక్ ఆమ్లం రెట్టింపై 250కి చేరుతుంది, విరేచనాల బెడదా దానితో పెరుగుతుంది.